నాలుగు టోపీలు, ఒక స్క్విడ్

మనిషన్నవాడు గొడుగు పోగొట్టుకుంటాడు, చెప్పులు పోగొట్టుకుంటాడు, లోకల్ రైల్లో టిఫిన్ డబ్బా మరిచిపోతాడు. నేను ఒక ఆదివారం పొద్దున మా అన్న కూతుర్ని సముద్రం ఒడ్డున మరిచిపోయి, ఆ సంగతి కూడా తెలియక, ఆమెకు బదులు ఇంకెవరి పిల్లనో ఇంటికి తెచ్చి, "లెక్క సరిపోయింది, చూసుకోండి" అని అప్పజెప్పాను. అది కూడా ఎవరికి? నాకు పిల్లనివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి పాలమూరు నుంచి పనిగట్టుకుని వచ్చిన ఆవిడకు. ఇంతకంటే ఘనకార్యం చేసినవారు మీలో ఉంటే దయచేసి చెప్పండి, మనం కలిసి ఒక సంఘం పెట్టుకుందాం. లేనివారు కాస్త సర్దుకుని కూర్చోండి. ఈ ఘోరానికి కారణం స్క్విడ్ అనే ఒక ప్రాణి. దాన్ని అంతవరకు నేను కళ్లతో చూసి ఎరగను.

మాది బొంబాయి కామాటిపురలో తొమ్మిదో గల్లీ. మా ముత్తాత ఇళ్లు కట్టే కూలిపనికి పాలమూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అప్పటి నుంచి మేం ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కోపం వస్తే హిందీ మాట్లాడుతున్నాం. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని. మా అన్న, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను ఒకే గదిలో ఉండేవాళ్లం. లావణ్యకు తొమ్మిదేళ్లు, చింటుకు ఆరు. నన్ను వాళ్లిద్దరూ ‘కాకా’ అని పిలిచేవాళ్లు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బొంబాయిలో మరాఠీ పిల్లలు కూడా బాబాయి వయసున్న ప్రతి మగవాణ్నీ కాకా అనే పిలుస్తారు. నా పతనంలో సగం పాత్ర ఆ రెండక్షరాలదే.

వదినకు సుజాత అని చెల్లెలు ఉంది. ఆ అమ్మాయిని నాకు చేసుకుంటే బాగుంటుందని వదిన ఆలోచన. నాకైతే అది బ్రహ్మాండమైన ఆలోచన అనిపించింది. కాని వాళ్లమ్మ నర్సమ్మ అంత తొందరగా లొంగే మనిషి కాదు. పది రోజులుండి చూసి పోతానని బయలుదేరి వచ్చింది. వచ్చిన మొదటి రోజే గదుల ముందున్న గ్యాలరీలో చాప వేసుకుని కూర్చుని, నేను వినేటట్టే వదినతో అంది:

"పిలగాడు మంచోడే. కని జిమ్మేదారి ఉన్నదా లేదా, అది సూడాలె నేను."

ఆ మాట వినగానే జిమ్మేదారి, అంటే బాధ్యత, నాకు జ్వరంలా పట్టుకుంది. ఆ వారమంతా నేను అడగకుండానే నీళ్లు పట్టాను, మెట్లు తుడిచాను, పక్కింటివాళ్ల సిలిండరు మోశాను. అయినా నర్సమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. సరిగ్గా అప్పుడే గాలపు కర్ర దొరికింది.

మలబార్ హిల్ మీద ఒక పాత భవనంలో లిఫ్టు బాగుచేస్తుంటే, ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన, "ఇది తీసుకుపో, నాకిక పనికిరాదు" అని ఒక గాలపు కర్ర, చిన్న పెట్టె ఇచ్చాడు. ఇంటికి తెచ్చి తెరిస్తే పెట్టెలో రంగురంగుల బొమ్మ రొయ్యలు. ఒకటి గులాబీ రంగు, ఒకటి పచ్చ, ఒకటి మెరిసే నారింజ. తోక దగ్గర కిరీటం పెట్టినట్టు చుట్టూ సూదులు. లావణ్య వాళ్లమ్మ ఫోనులో ఆ బొమ్మను ఫోటో తీసి వెతికింది.

"కాకా, ఇవి చేపలకు కాదు. స్క్విడ్‌ను పడ్తరట వీటితోని. ఒడ్డు మీద నిలబడే పట్టొచ్చట!"

నర్సమ్మ చెవులు రిక్కించింది. "ఏం పడ్తరు?"

"స్క్విడ్, అత్తమ్మా," అన్నాను, నాకు చిన్నప్పటి నుంచి తెలిసినట్టు.

"అదేం జీవి?"

నేను ఫోనులోకి తొంగి చూశాను. "పది కాళ్లుంటయి. ఎముకలుండవు. కోపమొస్తే సిరా కక్కుతది."

"పది కాళ్లంటే ఎండ్రకాయ గదా?"

"ఎండ్రకాయ కాదు అత్తమ్మా. ఇది మెత్తగుంటది."

"మెత్తగున్న ఎండ్రకాయ," అని నర్సమ్మ తనలో తాను తేల్చుకుంది. "సిరా కక్కేదాన్ని తిననీకి తెస్తవా, బడికి పోయే పోరగాండ్ల పెన్నులల్ల పోయనీకి తెస్తవా?"

గ్యాలరీ అంతా నవ్వింది. నాకు రోషం వచ్చింది. "ఆదివారం పొద్దుగాల పోత. పిల్లలను కూడ తీస్కపోత. పదకొండు గంటల వరకు స్క్విడ్ మీ ముందర ఉంటది," అన్నాను. పిల్లలను కూడా తీసుకుపోతానని ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు. బహుశా జిమ్మేదారి ఒక్కటే సరిపోదు, అది అందరికీ కనపడాలి అనుకున్నానేమో.

శనివారం మేము ఫోనులో ఒక వీడియో చూసి విద్య నేర్చుకున్నాం. అందులో ఉన్నాయన జపాన్ మనిషి. ఆయన చెప్పేదాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని ఆయన మాటిమాటికీ "ఎగీ, ఎగీ" అంటున్నాడు. అన్న ప్రతిసారీ కర్రను పైకి ఎగరేస్తున్నాడు.

"ఎగీ అంటే ఏంది కాకా?" అని చింటు అడిగాడు.

"ఎగురుమంటుండురా. మనం ఎగిరితే కర్ర కదులుతది. కర్ర కదిలితే రొయ్య ఎగుర్తది. రొయ్య ఎగిరితే స్క్విడ్ వస్తది," అన్నాను.

నా వివరణలో ఎక్కడా లోపం లేదని మీరు ఒప్పుకోవాలి. తర్వాత చాలా ఏళ్లకు చేపల సామాన్లు అమ్మే దుకాణంలో తెలిసింది, ఆ బొమ్మ రొయ్య పేరే ఎగీ అట. ఆయన పాపం, "ఈ రొయ్య వాడండి, ఆ రొయ్య వాడండి" అని చెబుతున్నాడు.

ఆదివారం తెల్లవారుతుండగా బయలుదేరాం. లావణ్య, చింటు, పై అంతస్తులో ఉండే అక్కాచెల్లెళ్లు హారిక, గీత. మొత్తం నలుగురు. పిల్లలు తప్పిపోకుండా నేనొక గొప్ప ఉపాయం ఆలోచించాను. మా కంపెనీవాళ్లు పంచిన పసుపుపచ్చ టోపీలు నాలుగు ఉన్నాయి. పెద్దవాళ్ల కొలతవి. పిల్లలకు పెడితే ముక్కు దాకా దిగాయి. టోపీ కింద ఒక గడ్డం మాత్రం కనిపించేది.

"టోపీ తీసినోళ్లకు ఐస్‌క్రీం లేదు," అని శాసనం చేశాను. మెట్ల దగ్గర నిలబెట్టి నర్సమ్మ ముందు గట్టిగా లెక్కపెట్టాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు!"

వదినకు మాత్రం ఎందుకో అనుమానంగానే ఉంది. "శీనూ, పిల్లలు పైలం. నీ దిమాగ్ సముద్రంల పడెయ్యకు."

"వదినా, నాలుగు టోపీలు పోతయి, నాలుగు టోపీలు వస్తయి," అన్నాను. అన్నంత పనీ చేశాను కూడా. ఆ విషయంలో నన్నెవరూ తప్పుపట్టలేరు.

ఫోరస్ రోడ్డు దాటి బస్సెక్కి వర్లీ కోలివాడకు చేరాం. అది చేపలు పట్టే కోళీలు ఉండే పాత వాడ. ఇళ్ల మధ్య సందుల్లోంచి నడిచి, రాళ్లున్న ఒడ్డుకు వెళ్లాం. అప్పుడే వెలుగు వస్తోంది. నాలుగైదు పడవలు కట్టేసి ఉన్నాయి. పిల్లలను వెనక చదునైన రాతి మీద వరుసగా నిలబెట్టి, గులాబీ రొయ్యను దారానికి కట్టి, వీడియోలో ఆయనలాగే కర్రను వెనక్కి ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను.

నీళ్లలో చప్పుడు కాలేదు.

"ఎటు పోయింది?" అంది గీత.

"శానా దూరం పోయింది," అన్నాను. "చప్పుడు కూడ ఇనపడలే సూడు."

అందరం సముద్రం వంక చూశాం. "ఇప్పుడు ఎగురుండ్రి!" అన్నాను. నలుగురూ ఎగిరారు. నేనూ ఎగిరాను. "ఎగీ! ఎగీ!" అని అరుస్తూ అయిదు నిమిషాలు ఎగిరాం. పొద్దున నడకకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు ఆగి చూసి, ఇదేదో కొత్త వ్యాయామం అనుకున్నారేమో, దూరం నుంచి వాళ్లు కూడా చేతులు ఊపారు. అయినా దారం బిగుసుకోలేదు. నాకేమో మెడ వెనక ఒకటే దురద.

చింటు మెల్లగా అన్నాడు. "కాకా, రొయ్య నీ ఈపుకున్నది."

వెనక్కి ఎత్తినప్పుడే చొక్కా కాలరుకు పట్టుకుందన్నమాట. నేను ఎగిరినప్పుడల్లా అది కూడా నా వీపు మీద ఎగిరింది. నన్ను ఏ స్క్విడ్డూ పట్టుకుపోకపోవడం మా ఇంటిల్లిపాది అదృష్టం.

లావణ్య సూదులు ఒక్కొక్కటే విడదీసింది. రెండోసారి పక్కకు తిరిగి విసిరాను. ఈసారి ‘చటుక్’ మని శబ్దం. దారం బిగిసింది. లాగాను. రాలేదు. ఇంకా లాగాను. అప్పుడు మెల్లగా, చాలా బరువుగా కదిలింది.

"పడ్డది! పెద్దది! పట్టుండ్రి!" అని కేక వేశాను. హారిక నా నడుం పట్టుకుంది, గీత హారికను పట్టుకుంది, చింటు గీత గౌను పట్టుకున్నాడు. లావణ్య మాత్రం పట్టుకోలేదు. ముందుకు వంగి చూస్తోంది.

"కాకా, అది పడవ."

"ఆఁ?"

"పడవ తాడుకు పట్టింది. మనం పడవను గుంజుతున్నం."

ఆ మాట పూర్తయ్యేలోపు వెనక నుంచి ఒక కేక వచ్చింది. "మాఝీ హోడీ!" నా పడవ అని అర్థం. తిరిగి చూస్తే, కాసెపోసి చీర కట్టుకున్న ఒక ముసలమ్మ, చేతిలో దారపు ఉండ, ఆమె వెనకాల లావణ్య వయసే ఉన్న ఒక పిల్ల. మేమిద్దరం మరాఠీలోనే మాట్లాడుకున్నాం, మీ కోసం తెలుగులో చెబుతాను.

"ఎక్కడికి తీసుకుపోతున్నావ్ నా పడవను?"

"పడవ కాదమ్మా, స్క్విడ్ అనుకున్నాను."

"ఏమిటది?"

"పది కాళ్లు, ఎముకలుండవు, సిరా కక్కుతుంది…"

"మాకుల్!" అంది ముసలమ్మ. కోళీలు దాన్ని అలా పిలుస్తారట. తర్వాత నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మరి ఆ గంతులెందుకు?" అని అడిగింది. నా దగ్గర జపాన్ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆమె మనవరాలు గబగబా రాళ్ల మీంచి దిగి తాడులోంచి రొయ్యను విడిపించి తెచ్చింది. ముసలమ్మను ఆ పిల్ల ఆజీ అంటోంది, అంటే అమ్మమ్మ. మా పిల్లలు కూడా వెంటనే ఆజీ అనడం మొదలుపెట్టారు. ఆజీ కొంచెం అవతల లోతుగా ఉన్నచోట కూర్చుని, కర్రా లేదు, చక్రమూ లేదు, ఉత్త చేతి దారంతోనే తన బొమ్మ రొయ్యను నీళ్లలోకి జారవిడిచి, వేలితో అలా అలా ఆడిస్తోంది. లావణ్య పోయి ఆమె పక్కన చతికిలబడింది. కాసేపటికి "వచ్చింది! వచ్చింది!" అని కేకలు. నేను పరుగెత్తి పోయేసరికి ఆజీ దాన్ని బకెట్లో వేసి మూత పెట్టేసింది. నా చేతిలో ఉన్న కర్ర అక్కడ నలుగురికీ తగులుతోందని నన్ను దూరంగా పొమ్మంది.

అలా నేను ఒక పక్కన, లోకమంతా ఇంకో పక్కన మిగిలాం. తొమ్మిదిన్నర దాకా విసిరాను. రాయిని పట్టాను. ఇంకో రాయిని పట్టాను. చివరికి దారం మొత్తం చిక్కుపడి పిచ్చుకగూడు అయింది. దాన్ని పళ్లతో విడదీస్తూ ఓటమిని ఒప్పుకున్నాను.

"టోపీలు! లైన్ల నిలబడుండ్రి! ఇంటికి పోదం!"

నాలుగు టోపీలు వచ్చి నిలబడ్డాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అనుమానం లేకుండా వెనక నుంచి కూడా లెక్కపెట్టాను. ప్రతి టోపీ కిందా ‘కాకా’ అన్న పిలుపే. నాలుగే. అప్పుడు ఆజీ దూరం నుంచి నోట్లో తమలపాకు నములుతూ ఏదో గట్టిగా అడిగింది. గాలి, అలల చప్పుడు, పైగా కోళీల యాస. ముసలమ్మ మర్యాదగా వీడ్కోలు చెబుతోందనుకున్నాను. పళ్ల మధ్య దారం ఉంది కాబట్టి, "హో, హో" అని తల ఊపాను. ఆమె మళ్లీ ఏదో అడిగింది. ఇంకా గట్టిగా "హో, హో!" అన్నాను. అవునవునని అర్థం. ఆమె సంతోషంగా చెయ్యి ఊపింది.

బస్సులో నా కర్ర ఎవరికీ ఊపిరి సరిగా ఆడనివ్వలేదు. మొదట కిటికీ పక్కనున్నాయన చెవిలోకి పోయింది. దాన్ని తిప్పేసరికి గులాబీ రొయ్య కండక్టర్ సంచికి పట్టుకుంది. ఆయన ముందుకు పోతే నేనూ ముందుకు, ఆయన వెనక్కి వస్తే నేనూ వెనక్కి. అలా ఇద్దరం బస్సంతా కలిసి టికెట్లు కొట్టాం. మధ్యలో చింటు నా ప్యాంటు లాగాడు.

"కాకా, అక్క…"

"ఉండురా!"

"కాదు కాకా, లావణ్యక్క…"

"నోరు మూస్కొని కూసో! లెక్క తప్పుతది!" అని, కండక్టర్ చంక కింద నుంచి తల బయటికి పెట్టి మరోసారి లెక్కపెట్టాను. నాలుగు పసుపుపచ్చ టోపీలు. నా గుండె నిండిపోయింది. స్క్విడ్ లేకపోతే లేకపోయింది, జిమ్మేదారి అంటే ఇది కదా అనుకున్నాను.

గల్లీలోకి వచ్చేసరికి పదిన్నర దాటింది. నర్సమ్మ గ్యాలరీలో చాప మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. పిల్లలను ఆమె ముందు వరుసగా నిలబెట్టాను.

"ఎండ్రకాయ ఏది?" అంది.

"దొరకలే అత్తమ్మా. కని నలుగురం పోయినం, నలుగురం వచ్చినం. లెక్క సరిపోయింది, సూస్కోండ్రి." నన్ను కలుపుకుంటే అయిదుగురం అనే విషయం కూడా నాకప్పుడు తట్టలేదు.

ఆమె చేట పక్కన పెట్టి, "ఎండకు ఎట్ల కమిలిందో నా బంగారం," అంటూ చివర నిలబడ్డ టోపీని దగ్గరికి తీసుకుని పైకెత్తింది. కాసేపు ఆ మొహంలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"శీనూ, మా లావణ్య మొకం గిట్ల లేకుండె గదా?"

"ఎండకు నల్లబడ్డది అత్తమ్మా."

"ఎండకు ముక్కు కూడ మారుతదా?"

అప్పుడు చూశాను. అది లావణ్య కాదు. ఆజీ మనవరాలు. ఆ పిల్ల చక్కగా నవ్వి, మరాఠీలో తన పేరు చెప్పింది.

"మీ సాయలీ."

మరాఠీలో ‘మీ’ అంటే నేను. నేను సాయలీని అంటోంది. కాని పాలమూరు నుంచి వచ్చి పది రోజులు కూడా కాని నర్సమ్మకు అది అచ్చమైన తెలుగులో వినిపించింది.

"మీ సాయలీయా? మీ అంటే? ఎవలకు?" అని నా వైపు తిరిగింది. "నీకేనా?"

"కాదు అత్తమ్మా! మీ అంటే నేను!"

"నువ్వే అని నువ్వు కూడ ఒప్పుకుంటున్నవు గదా!"

సాయలీకి ఇదంతా పట్టలేదు. లావణ్య ఆ పిల్లకు మా గ్యాలరీలో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందని చెప్పిందట. వాటికోసమే వచ్చింది. అందుకని నా చెయ్యి పట్టుకుని ఊపుతూ ఆత్రంగా అడిగింది: "కాకా, పిల్లం కుఠే?"

పిల్లి పిల్లలెక్కడ అని మరాఠీలో. నర్సమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"పెండ్లమంటున్నది! భాగ్యా! ఓ భాగ్యా! ఇటు రా! నీ మరిదికి పెండ్లముందంట, బిడ్డ కూడ ఉన్నదంట! తొమ్మిదేండ్ల బిడ్డ!"

భాగ్య అంటే మా వదినే, పిండి చేతులతో బయటికి వచ్చింది. ఇరుగుపొరుగు తలుపులన్నీ తెరుచుకున్నాయి. నేను తెలుగులో మొదలుపెట్టి, మరాఠీలోకి దిగి, హిందీలో మునిగాను. వదినకు మరాఠీ బాగా వచ్చు కాబట్టి ఆమెకు సాయలీ పెళ్లాం గురించి అడగడం లేదని వెంటనే తెలిసింది. ఆమె అడిగింది ఒకే ఒక్క మాట.

"శీనూ, నా బిడ్డ ఏది?"

నిజం చెబుతున్నాను, అంతవరకు జరిగిందంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నా, ఆ ఒక్క క్షణం మాత్రం నేను నవ్వుతూ తలచుకోలేను. రాళ్లు, నీళ్లు, అలలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి.

చింటు చెప్పాడు. "అక్క ఆజీ దగ్గర ఉన్నది. నేను బస్సుల చెప్పబోతే, లెక్క తప్పుతదని కాక నా నోరు మూయించిండు."

ఫాక్‌లాండ్ రోడ్డు మూల మీద ట్యాక్సీ పట్టుకున్నాం. సాయలీ పిల్లి పిల్లలను చూస్తే గాని కదలనంది, చూపించాం. నాలుగింటినీ ఎత్తుకుంటానంది, ఎత్తుకోనిచ్చాం. వెనక సీట్లో వదిన, నర్సమ్మ, మధ్యలో సాయలీ. నేను ముందు. దారంతా వదిన చీర కొంగును వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది. ప్రతి సిగ్నల్ దగ్గరా నేను దిగి ట్యాక్సీని తోద్దామా అనుకున్నాను.

కోలివాడ సందుల్లో పరుగెత్తాం. నర్సమ్మ చీర ఎగ్గట్టుకుని అందరికంటే ముందు పరుగెత్తింది. ఒడ్డుకు పోయేసరికి, ఆజీ పక్కన కాళ్లు చాపుకుని, వేలికి దారం చుట్టుకుని, మా లావణ్య తీరిగ్గా వేరుశనక్కాయలు తింటోంది.

వదిన ఆమెను లాగి గుండెకు అదుముకుంది. తర్వాత ఒక్కటి అంటించింది. తర్వాత మళ్లీ అదుముకుంది. ఆజీకి ఈ హడావిడి అర్థం కాలేదు.

"ఏమైంది?" అని నన్నడిగింది. "నీ పిల్ల ఇక్కడ ఉంటానంటోంది, నా పిల్ల మీ ఇంట్లో పిల్లి పిల్లలను చూస్తానంటోంది, తీసుకుపోయి మధ్యాహ్నం అన్నం వేళకు తెచ్చిస్తావా అని అడిగాను. హో హో అన్నావు. నిజంగానేనా అని మళ్లీ అడిగాను. ఇంకా గట్టిగా హో హో అన్నావు!"

ఇప్పుడు అందరూ నన్నే చూస్తున్నారు. నేను చివరి ఆశగా లావణ్యను గద్దించాను.

"మరి టోపీ ఎందుకు ఇచ్చినవే ఆ పిల్లకు?"

లావణ్య కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూసింది. "లెక్క తప్పితే నువ్వు పరేషాన్ అయితవని ఇచ్చిన కాకా."

వదినకు ఏడుపులోంచే నవ్వు వచ్చింది. ఆమె నవ్వేసరికి నర్సమ్మ కూడా మొదలుపెట్టింది. మాట మార్చడానికి నేను, "ఇంతకీ పట్టినవా?" అని అడిగాను. "నా చేతితోనే పట్టిన!" అని లావణ్య బకెట్టు మూత తీసింది. జీవితంలో మొదటిసారి స్క్విడ్‌ను చూస్తున్నానని ఆత్రంగా, మొహం బకెట్లో పెట్టినంత పని చేశాను. అది నన్ను చూసింది. దాని కళ్లు మనిషి కళ్లంత పెద్దగా ఉన్నాయి. దానికి నేను నచ్చలేదు.

చొక్కా మీద, మెడ మీద, నోట్లో, ఒక చెవిలో సిరా. వెనక, పొద్దున రొయ్య గుచ్చుకున్న కాలరు ఒకటే తెల్లగా మిగిలింది. నర్సమ్మ బకెట్లోకి జాగ్రత్తగా తొంగి చూసి, "ఎండ్రకాయనే కాదిది," అని ఒప్పుకుంది.

ఆ తర్వాత నర్సమ్మ, ఆజీ పక్కపక్కన కూర్చున్నారు. ఒకరికి మరాఠీ రాదు, ఒకరికి తెలుగు రాదు. అయినా అరగంట మాట్లాడుకున్నారు. మధ్యమధ్య ఇద్దరూ నా వంక చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మాటల్లో పడ్డారు. భాష కలవలేదు గాని నా విషయంలో అభిప్రాయం పూర్తిగా కలిసింది. లేచేటప్పుడు ఆజీ తాను పట్టిన రెండింటిని కూడా ఆకులో చుట్టి ఇచ్చింది. వదిన వాటిని అల్లం, కారం వేసి వేయిస్తే నర్సమ్మ రెండుసార్లు పెట్టించుకుని తింది.

ఆ సాయంత్రం ఆమె గ్యాలరీలో కూర్చుని ఊరికి ఫోను చేసింది. సుజాతకు జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది, నా గంతులతో సహా. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఫోనులోంచి చాలాసేపు నవ్వు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి నర్సమ్మ అంది, "నవ్వుడు కాదు బిడ్డా. ఉన్న పోరినిడిసి లేని పోరిని తెచ్చినోడు, వీనితోని ఎట్లనే సంసారం?"

సుజాత గొంతు స్పష్టంగా వినిపించింది. "నలుగురిని తీస్కపోతే నలుగురిని తేవాలె అన్న బుద్ధి అయితే ఉన్నది గదనే అమ్మా. ఎవలను తేవాల్నో నేను నేర్పుకుంట తియ్యి."

ఆ వేసవిలో మా పెళ్లయింది. ఆజీ, సాయలీ కూడా వచ్చారు. నేర్పడం ఇంకా నడుస్తోంది.

ఇది రాస్తున్నప్పుడు, చివర్లో ఒక గట్టి ప్రమాణం ఉంటే బాగుంటుందనిపించింది. ‘ఇకపై జన్మలో స్క్విడ్‌లు పట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను’ అని రాశాను కూడా. ఇప్పుడు కాలేజీలో చదువుతున్న లావణ్య నా భుజం మీంచి చదివి, "కాకా, ఇంతకుముందు ఎన్ని పట్టినవు?" అని అడిగింది. కొట్టేశాను. ‘పిల్లలను సముద్రానికి తీసుకుపోనని’ అని మార్చాను. ఆ మాటకు సుజాత, "మిమ్మల్ని నమ్మి పంపేది ఎవలంట?" అంది. అది కూడా కొట్టేశాను. కాబట్టి బాగా ఆలోచించి, భార్యా పిల్లల ఎదుట, పూర్తి స్పృహతో, నేను నిలబెట్టుకోగలిగిన ప్రమాణం ఒక్కటి చేస్తున్నాను: నోట్లో దారం ఉండగా ఎవరు ఏమడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, ఇకపై ఈ జన్మలో "హో, హో" అనను.